మన సంఘం వార్షిక నివేదిక: 2024–25 ప్రీమియర్ లీగ్ సీజన్

సభ్యులందరికీ నమస్కారం. లివర్‌పూల్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉంటున్న తెలుగువాళ్ళం వారాంతాల్లో కలిసి ఫుట్‌బాల్ చూద్దామని మొదలుపెట్టుకున్న సంఘం ఇది, కాబట్టి ఈ నివేదికలో హాలు అద్దె, చందాల కంటే మ్యాచ్‌ల కబుర్లే ఎక్కువుంటాయి. లెక్కలు ట్రెజరర్ గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. అప్పులేమీ లేవు.

ముందుగా ఒక విషయం. జులై 3న స్పెయిన్‌లో జరిగిన కారు ప్రమాదంలో లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా, ఆయన తమ్ముడు ఆండ్రే సిల్వా చనిపోయారు. ఏప్రిల్ 2న సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో, ఇదే ఊళ్ళోని రెండో క్లబ్బు ఎవర్టన్ మీద 1-0తో గెలిపించిన గోల్ జోటాదే, లివర్‌పూల్‌కి ఆయన వేసిన చివరి గోల్ కూడా అదే అయింది. సమావేశం మొదలయ్యే ముందు అందరం లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటిద్దాం. ఈ మాట ముందుగా అడిగింది మన ఎవర్టన్ అభిమానులే. ఆ రాత్రి ఆ గోల్‌కి హాల్లో తలలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు, జులైలో పూలు పట్టుకుని ఆన్‌ఫీల్డ్ దాకా నడిచి వెళ్ళారు.

ఇక సీజన్ సంగతి. ఆగస్టులో మొదలైనప్పుడు మనలో చాలామంది టైటిల్ మాంచెస్టర్ సిటీకో ఆర్సెనల్‌కో వస్తుందనుకున్నారు, అందులో వింతేమీ లేదు. సిటీ అప్పటికి వరసగా నాలుగుసార్లు గెలిచి ఉంది, ఇక్కడేమో కోచ్ యుర్గెన్ క్లోప్ వెళ్ళిపోయి ఆర్నె స్లాట్ కొత్తగా వచ్చాడు, ఆ సీజన్‌లో ఆడించడానికి కొన్న ఆటగాడు కియేజా ఒక్కడే. సెప్టెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వచ్చి ఆన్‌ఫీల్డ్‌లోనే 1-0తో కొట్టి వెళ్ళేసరికి ‘ఈ ఏడాదికి ఇంతేలే’ అన్నవాళ్ళున్నారు. ఆ తర్వాత లివర్‌పూల్ లీగ్‌లో మళ్ళీ ఓడింది ఏప్రిల్‌లోనే. అదే సెప్టెంబరులో ఆర్సెనల్ మ్యాచ్‌లో సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రి మోకాలు దెబ్బతిని బయటికి వెళ్ళాక సిటీ మధ్యలో పట్టు తప్పింది. ఒక్క ఆటగాడు లేకపోతే అంత పెద్ద జట్టు అలా తడబడుతుందా అని మన హాల్లో వాదన చాలా వారాలు నడిచింది, నాకైతే ఇప్పటికీ అవుననే అనిపిస్తుంది.

శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌ల గురించి కొత్త సభ్యుల కోసం రాయాలి. ఇంగ్లండ్‌లో శనివారం 2:45 నుంచి 5:15 దాకా మ్యాచ్‌లు టీవీలో లైవ్ చూపించరు. జనం ఇంట్లో కూర్చుంటే చిన్న క్లబ్బుల గ్రౌండ్లు ఖాళీ అవుతాయని పెట్టిన పాత నియమం. నాకది మంచి నియమంగానే తోస్తుంది. కానీ ఫలితం ఏమిటంటే ఆన్‌ఫీల్డ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మనకి మ్యాచ్ కనపడదు, గుంటూరులో మన వాళ్ళకి మాత్రం రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో లైవ్ వస్తుంది. మార్చి 8న సౌతాంప్టన్ మ్యాచ్ అలాంటిదే. హాల్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాం, సగం ఆట అయ్యేసరికి పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు 1-0తో ముందుంది, అందరికీ టెన్షన్. అప్పుడు మన సభ్యురాలి మావయ్యగారు గుంటూరు నుంచి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టాం. ‘నునెజ్ వేశాడమ్మా’ అన్నారు, కాసేపటికి ‘పెనాల్టీ ఇచ్చాడు, ఉండండి, సలా బంతి పెట్టుకుంటున్నాడు, అటూ ఇటూ చూస్తున్నాడు, గోలమ్మా గోల్!’ అన్నారు, ఇంకాసేపటికి రెండో పెనాల్టీ కూడా అలాగే చెప్పారు. 3-1. రేడియో కట్టేసి మొత్తం ఆయన నోటే విన్నాం. వచ్చే ఏడాది నుంచి ఆయన్ని గౌరవ సభ్యుడిగా చేర్చుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది, దయచేసి అందరూ ఒప్పుకోండి.

ఫిబ్రవరి 12 బుధవారం. కొత్త స్టేడియానికి మారుతున్న ఎవర్టన్ పాత గ్రౌండ్ గూడిసన్ పార్క్‌లో చివరి డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు క్లబ్బుల మ్యాచ్. అసలు డిసెంబరు 7న జరగాల్సింది, డారా తుఫాను గాలులకి వాయిదా పడింది. ఈ రెండు క్లబ్బుల పుట్టుక తెలియనివాళ్ళ కోసం: ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడింది ఎవర్టనే, 1892లో అద్దె విషయంలో గ్రౌండ్ యజమాని జాన్ హౌల్డింగ్‌తో గొడవపడి పార్కు అవతలికి వెళ్ళి గూడిసన్ కట్టుకుంది, ఖాళీ అయిన గ్రౌండ్ కోసం హౌల్డింగ్ పెట్టిన క్లబ్బే లివర్‌పూల్. అంటే ఇది అన్నదమ్ముల తగాదా. మన హాల్లో కూడా ఎడమవైపు నీలి చొక్కాలు, కుడివైపు ఎర్ర చొక్కాలు, మధ్యలో పిల్లలు, వెనక బల్ల మీద పులిహోర, మిరపకాయ బజ్జీలు. బేటో వేశాడు, అయిదు నిమిషాల్లో మాక్ అలిస్టర్ సమం చేశాడు, 73వ నిమిషంలో సలా వేస్తే కుడివైపు వాళ్ళు కుర్చీలెక్కారు. ఇక అయిపోయిందని కొందరు కోట్లు వేసుకుంటున్నారు. 98వ నిమిషం. బంతి గాల్లోంచి దిగుతుండగానే టార్కోవ్‌స్కీ కుడికాలితో కొట్టిన దెబ్బకి నెట్ పైకప్పు అదిరింది. వీఏఆర్ (వీడియో రిఫరీ) చూసి గోల్ ఖాయం చేసేలోపు ఊపిరి తీసుకున్నవాళ్ళు లేరు. 2-2. ఆట అయ్యాక డుకురే, కర్టిస్ జోన్స్‌లకి రెడ్ కార్డులు, రిఫరీతో మాట్లాడబోయి స్లాట్‌కి కూడా రెడ్ కార్డు. మన హాల్లో మాత్రం ఎడమవైపు వాళ్ళు కుడివైపు వాళ్ళ ప్లేట్లలో బజ్జీలు వడ్డించారు. ఈ ఏడాది నాకు అన్నిటికంటే నచ్చిన రాత్రి అది, టైటిల్ రోజు కూడా దాని తర్వాతే.

మార్చి మధ్యలో ఒక వారం బాగా గడవలేదు. 11న పారిస్ క్లబ్బు పీఎస్‌జీ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడి ఛాంపియన్స్ లీగ్ పోయింది, 16న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్‌ న్యూకాజిల్ 2-1తో గెలిచింది. కానీ ఆ ఫైనల్‌కి న్యూకాజిల్‌లో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు బస్సెక్కి వచ్చి మన మధ్య కూర్చుని చూశారు. వాళ్ళ ఊరికి 1955 తర్వాత ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కప్పు రావడం అదే మొదటిసారి, డాన్ బర్న్ హెడర్ కొట్టినప్పుడు వాళ్ళ ఏడుపు చూసి ఎర్ర చొక్కాల వాళ్ళే లేచి కౌగిలించుకున్నారు.

ఏప్రిల్ 27న టైటిల్‌కి టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్‌కి ఒక్క పాయింటు చాలు. సొలాంకి ముందుగా వేసి కాసేపు నోళ్ళు మూయించాడు గానీ, డియాజ్, మాక్ అలిస్టర్, గాక్పో, సలా, ఆఖర్న ఉడోగీ సొంత గోల్‌తో 5-1. ఇంకా నాలుగు మ్యాచ్‌లుండగానే 20వ లీగ్ టైటిల్, మాంచెస్టర్ యునైటెడ్‌తో సమానం. 2020లో గెలిచినప్పుడు కోవిడ్ వల్ల స్టేడియంలో జనమే లేరు, 1990 తర్వాత ఫ్యాన్స్ మధ్యలో గెలవడం ఇదే మొదటిసారి. రాత్రి ఆన్‌ఫీల్డ్ రోడ్డు మీద ఎర్రపొగలో అరవై దాటిన ముసలాయన ఒకాయన మన పిల్లాణ్ణి భుజాలకెత్తుకుని పాడుతుంటే వాళ్ళమ్మ ఫొటో కూడా తీయకుండా చూస్తూ నిలబడిపోయింది. సలా 29 గోల్స్, 18 అసిస్టులు. 38 మ్యాచ్‌ల సీజన్‌లో అంత ఎవరూ చేయలేదు.

మే 18న గూడిసన్‌లో పురుషుల జట్టు చివరి మ్యాచ్, సౌతాంప్టన్ మీద 2-0, రెండూ ఎన్‌డియాయే వేశాడు (ఆ సెనెగల్ కుర్రాడి పేరు ‘ఇండియా’లా వినిపిస్తుందని మన పిల్లలకి ఏడాదంతా సంబరం). టికెట్ దొరికిన సభ్యులు కొద్దిమందే, మిగిలినవాళ్ళం గ్రౌండ్ మూలన ఉన్న సెయింట్ లూక్స్ చర్చి దగ్గర నిలబడి లోపలి కేకలు విన్నాం. జనవరిలో ఎవర్టన్ కోచ్‌గా డేవిడ్ మోయెస్ తిరిగి రాకపోయి ఉంటే ఆ వీడ్కోలు అంత నిశ్చింతగా జరిగేది కాదని నా అభిప్రాయం.

మే 26న లివర్‌పూల్ టైటిల్ ఊరేగింపు రోజు గురించి రాయక తప్పదు. వానలో పొద్దుటి నుంచీ పిల్లలతో నిలబడ్డాం, బస్సు వెళ్ళింది, కప్పు చూశాం, తిరిగి వస్తుంటే వాటర్ స్ట్రీట్‌లో జనం మీదకి కారు దూసుకెళ్ళింది. వందమందికి పైగా గాయపడ్డారు. మన సభ్యులందరూ క్షేమమని తెలిసేదాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఇండియా నుంచి కూడా. ఆ సాయంత్రం సెలవులో ఉండి కూడా ఎవరూ పిలవకుండానే డ్యూటీకి వెళ్ళిన మన నర్సులకి, డాక్టర్లకి సంఘం తరఫున దండం పెడుతున్నాం.

పట్టిక అడుగు సంగతి క్లుప్తంగా. సౌతాంప్టన్, ఇప్స్‌విచ్, లెస్టర్, కిందటేడాది పైకి వచ్చిన మూడూ వచ్చినట్టే కింది లీగ్‌కి పడిపోయాయి, అంతకు ముందేడూ ఇదే జరిగింది. సౌతాంప్టన్‌కి వచ్చినవి 12 పాయింట్లు. పైనున్నవాళ్ళకీ కొత్తగా వచ్చేవాళ్ళకీ డబ్బులో తేడా ఇలాగే పెరుగుతూ పోతే ఈ లీగ్‌లో సగం ఉత్సాహం చచ్చిపోతుంది, ఈ మాట గెలిచిన ఊళ్ళో కూర్చునే చెప్పాలి. 17వ స్థానంలో ఆగిన టాటెన్‌హామ్ యూరోపా లీగ్ గెలవడం, క్రిస్టల్ ప్యాలెస్ ఎఫ్‌ఏ కప్‌తో తన మొదటి పెద్ద కప్పు అందుకోవడం మాత్రం మనసుకి హాయినిచ్చాయి.

ఫాంటసీ లీగ్‌లో (అసలు ఆటగాళ్ళ ఆటని బట్టి పాయింట్లు వచ్చే ఆన్‌లైన్ ఆట) ఈసారి గెలిచింది విశాఖలో ఉండే మన సభ్యుడి చెల్లెలు. మొదటి వారం నుంచి సలాని తీయలేదు, కెప్టెన్సీ మార్చలేదు. సలా 344 పాయింట్లు తెచ్చాడు, ఆ ఆటలో ఇంతవరకు ఎవరికీ రానన్ని. బహుమతి చొక్కా పోస్టులో పంపాం.

మన పెద్దాయన ఒకరు, హైదరాబాద్ వారు, సెలవుల్లో పిల్లలకి సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి చెప్పారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికీ తీసుకెళ్ళిన కోచ్ హైదరాబాద్ వాడని విని ఇక్కడ పుట్టిన పిల్లలు నోరు తెరిచారు. ఇది ప్రతి ఏడూ పెట్టాలి.

టికెట్ల విషయంలో గట్టిగా చెప్తున్నా. ఇద్దరు విద్యార్థులు సోషల్ మీడియాలో పరిచయమైన ఎవరికో డబ్బులు పంపి మోసపోయారు, గేటు దగ్గర ఫోన్‌లో పాస్ పనిచేయలేదు. క్లబ్ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం 1994 చట్టం ప్రకారం ఇక్కడ నేరం. మీకు తెలియకపోతే కార్యవర్గాన్ని అడగండి, అర్ధరాత్రయినా సరే.

వచ్చే ఏడాది తెర ముందు కూర్చోవడం తగ్గించి గ్రౌండ్‌కి వెళ్ళడం పెంచుదాం. గూడిసన్‌ని కూల్చకుండా ఎవర్టన్ మహిళల జట్టుకి ఇచ్చారు, అక్కడికి కుటుంబాలతో వెళ్ళడం పురుషుల మ్యాచ్ కంటే చాలా తేలిక, ఆడపిల్లలున్నవాళ్ళు ముందుగా పేర్లివ్వండి. ఆగస్టు 24న రేవు పక్కన కట్టిన కొత్త స్టేడియంలో ఎవర్టన్ మొదటి లీగ్ మ్యాచ్ బ్రైటన్‌తో. అంతకు ముందే, ఆగస్టు 15 శుక్రవారం రాత్రి 8 గంటలకి ఆన్‌ఫీల్డ్‌లో బోర్న్‌మత్ మ్యాచ్‌తో సీజన్ మొదలు. ఆ రోజు మన స్వాతంత్ర్య దినం కూడా కాబట్టి హాలు ఆరింటికే తెరిచి జెండా వందనం చేసుకుని తర్వాత మ్యాచ్ చూద్దాం. వంటకి మనుషులు కావాలి, పులిహోర కలిపేవాళ్ళున్నారు, బజ్జీలు వేసేవాళ్ళు ఇంకా ఎవరూ పేరివ్వలేదు.

ఇట్లు
కార్యదర్శి