గుడికీ గుడ్డికీ మధ్య

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్‌లో చిన్ని గురించి అడిగావు. పక్కన జనం ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

చెవుడున్న మా చిన్నికి కాక్లియర్ ఇంప్లాంట్, అదే వినపడ్డానికి ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే పరికరం, పెట్టించి రెండేళ్లు దాటింది. చిన్నికిప్పుడు అయిదేళ్లు. వినిపిస్తోంది, మాటలూ చాలానే వచ్చాయి. కానీ దాని మాట నాకూ మీ చెల్లెలికీ తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. సంక్రాంతికి మా అమ్మ కొంగు పట్టుకుని "నానమ్మా... గుడ్డీ... గుడ్డీ" అంటుంటే ఆవిడ బిత్తరపోయింది. పాపం, అది అడిగింది గుడికి తీసుకెళ్లమని.

మొదట్లో మేం వెళ్లిన థెరపీ సెంటర్‌లో ఒక్కో అక్షరం విడగొట్టి, సాగదీసి నేర్పమన్నారు. "పా... లు... కా... వా... లి." ఏడాది పాటు ఇంట్లో అలాగే నేర్పాం. అదీ మమ్మల్ని నమ్మి అలాగే పలికింది. అన్ని అక్షరాలూ ఒకే పొడవు, మాట మాటకీ మధ్య ఆగడం. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కొత్త మేడం మొదటి రోజే, "మీరు మామూలుగా మాట్లాడండి, వాక్యం మొత్తం ఒక్క ఊపులో" అన్నారు. ఇది చాలా పాత సమస్యేనట. 1942లోనే అమెరికాలో 192 మంది బధిర విద్యార్థుల మాటలు పరిశీలిస్తే, లయ సరిగ్గా ఉన్న వాక్యాలే వినేవాళ్లకు బాగా ఎక్కువ అర్థమయ్యాయట. అలాగని లయ ఒక్కటే చాలదని కూడా చెప్పారు. 1985లో నెదర్లాండ్స్‌లో అలాంటి పిల్లల రికార్డింగులను సరిదిద్ది చూశారు. ధ్వనులు బాగుచేస్తే అర్థమయ్యేది 24 శాతం నుంచి 72కి పెరిగింది, లయా స్వరం బాగుచేస్తే పెరిగింది కొంచెమే.

నాకు మాత్రం మన తెలుగు సంగతి వేరనిపిస్తుందిరా. గుడి, గుడ్డి అని చూడు. నాలుక తగిలే చోటు ఒకటే, అక్కడ ఎంతసేపు ఆగిందన్నదే తేడా. పడు, పాడు కూడా దాదాపు అంతే. పైగా ఇంప్లాంట్‌లో స్వరం హెచ్చుతగ్గులు సరిగా అందకపోయినా, పొడవూ పొట్టీ బాగానే అందుతాయట. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

పదో తరగతిలో మనిద్దరం పద్యాలకి గురువులు, లఘువులు పెట్టుకుంటూ కూర్చునేవాళ్లం, గుర్తుందా? ఇప్పుడు రోజూ సాయంత్రం నాకు అదే పని. చిన్ని వంటింటి గట్టు మీద కూర్చుంటుంది, ముందు ఒక బోర్లించిన గిన్నె. లఘువుకి వేలితో టక్కున ఒక దెబ్బ. గురువుకి అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాలి. మొదటి వారం చెయ్యి ఒకటి చెబితే నోరు ఇంకోటి చెప్పేది. ఒకరోజు "పాడు" అంటూ అరచెయ్యి ఆనించి, నా వంక చూసి, "పడు కాదు నాన్నా" అంది. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయానురా, ఏడుపు ఆగలేదు.

నీతో ఒక పని ఉంది. మేం దానికి అలవాటుపడిపోయాం, సగం వినగానే మిగతాది మేమే పూరించుకుంటాం. దాని మాట అలవాటు లేనివాళ్లకి వినిపించమన్నారు మేడం. వాయిస్ మెసేజ్‌లో పది వాక్యాలు పంపిస్తున్నాను. ఒక్కోటి ఒక్కసారే విని, ఏం వినిపిస్తే అదే రాసి పంపు. అర్థం కానిచోట ఖాళీ వదిలెయ్, జాలిపడి ఊహించి రాయకు. వచ్చే మంగళవారం మళ్లీ క్లాసుంది, ఆలోపు అందితే చాలు.

నీ
మురళి