క్యూబా పార్టీ శాండ్‌విచ్‌ల కోసం విశాఖ దాకా వెళ్లక్కర్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో ‘క్యూబా పార్టీ శాండ్‌విచ్’ అని వేసింది చదివాను. రాసినవాళ్లు శ్రద్ధగానే రాశారు గానీ అందులో రెండు వేరే వేరే వంటకాలు కలిసిపోయాయి. పైగా చివర్లో ఈ సామాన్లు విశాఖపట్నం పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతాయని ఒక మాట పెట్టేసరికి, పిల్లల పుట్టినరోజుకి చేద్దామని ఉత్సాహపడిన మా వీధి ఆడవాళ్లు పేపరు మడిచి పక్కన పెట్టేశారు. నాకు అక్కడే బాధ కలిగింది. శ్రీకాకుళం రైతుబజారూ, ఒక మంచి బేకరీ, పలాస జీడిపప్పూ ఉన్నవాళ్లకి ఆ వంటకం చెయ్యడానికి ఇంకేమీ అక్కర్లేదు.

ముందు ఆ రెండు వంటకాల సంగతి. మీరు ఫొటో వేసిన పొడుగాటి వేడి శాండ్‌విచ్ వేరు. కాల్చిన పంది మాంసం, హామ్ (ఉప్పులో ఊరవేసిన పంది తొడ మాంసం), స్విస్ చీజ్, ఊరవేసిన కీరా ముక్కలు, ఆవ పేస్టు పెట్టి ఇనుప పెనాల మధ్య అదిమి కాల్చేది అది, హోటల్లో తినే వంటకం. అమెరికా ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా ఊళ్లో అయితే దాంట్లో సలామీ (ఒక రకం మాంసం సాసేజ్) కూడా పెడతారు, పెట్టాలా వద్దా అని అదే రాష్ట్రంలోని మయామీ వాళ్లకీ టాంపా వాళ్లకీ ఇప్పటికీ తగువే. మా చెల్లెలి కూతురు టాంపాలోనే ఉంటుంది, వాళ్ల పక్కిల్లు క్యూబా కుటుంబం, వాళ్ల ఇంట్లో పుట్టినరోజుకి చేసేవి అవి కావు. వాళ్లు చేసేవి బొకదీతోస్. వీటిని కాల్చరు, అదమరు. మెత్తగా రుబ్బిన ముద్దని మెత్తటి బ్రెడ్డు మధ్య పూసి, అంచులు తీసేసి, రెండు మూడు కొరుకుల్లో అయిపోయేలా కోసి, చల్లగా పళ్లెంలో పేరుస్తారు. ముందు రోజు రాత్రి ఇంటి ఆడవాళ్లంతా కూర్చుని చేసుకునే పని.

ఆ ముద్దలో సంప్రదాయంగా పడేవి డబ్బా హామ్ పేస్టు, క్రీమ్ చీజ్, మయోనైజ్, కాల్చి తొక్క తీసిన ఎర్ర మిరప (మన ఎర్ర కాప్సికమ్ లాంటిదే), తీపి పులుపు కీరా పికిల్, కాస్త ఆవ. డబ్బా హామూ క్రీమ్ చీజూ క్యూబా సంప్రదాయం ఎలా అయ్యాయని మీ పాఠకులకి అనుమానం రావచ్చు. అమెరికా కొస నుంచి క్యూబా 145 కిలోమీటర్ల దూరమే, 1959 విప్లవం ముందు వరకూ అమెరికా డబ్బా సరుకు అంతా క్యూబా రాజధాని హవానా కొట్లలోకి వచ్చేది. 1870లోనే ట్రేడ్‌మార్క్ అయిన ఎర్ర దెయ్యం బొమ్మ హామ్ డబ్బా మయామీలో స్థిరపడ్డ క్యూబా వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ పార్టీ అంటే బయటికి వస్తుంది. కానీ 1962లో అమెరికాతో వ్యాపారం పూర్తిగా ఆగింది, అదే ఏడు క్యూబాలో రేషన్ పుస్తకాలు మొదలయ్యాయి. 1991లో క్యూబాని ఆదుకుంటూ వచ్చిన సోవియట్ యూనియన్ కూలాక పరిస్థితి ఇంకా బిగుసుకుంది. క్యూబాలో నిత్జా వియాపోల్ అనే ఆవిడ దశాబ్దాల పాటు టీవీలో వంటలు చెప్పారు, ఆ కరువు రోజుల్లో ఉన్నవాటితోనే ఎలా వండుకోవాలో చూపించి పేరు తెచ్చుకున్నారు. అంటే సొంత దేశంలోనే ఈ వంటకాల్లో దొరకనిదాని బదులు దొరికేది వేసుకున్నారు. మరి శ్రీకాకుళంలో మనం వేసుకుంటే తప్పెలా అవుతుంది?

ఇప్పుడు మా ఇంట్లో ఎలా చేస్తున్నామో చెప్తాను, మీరు వెయ్యాల్సింది ఇదే అని నా ఉద్దేశం. క్రీమ్ చీజ్ బదులు జీడిపప్పు. గుండు పప్పు అక్కర్లేదు, ముక్క పప్పు అయితే ధర తక్కువ, ఎలాగూ రుబ్బేదే కదా. 150 గ్రాములు వేడినీళ్లలో గంట నానబెట్టి, నీళ్లు వంపేసి, అర చెక్క నిమ్మరసం, ఉప్పు, రాత్రంతా గుడ్డలో కట్టి వేలాడదీసిన గట్టి పెరుగు రెండు మూడు చెంచాలు వేసి వెన్నలా అయ్యేదాకా మిక్సీ పట్టాలి. నీళ్లు మాత్రం పొయ్యొద్దు, మిక్సీ తిరగకపోతే ఇంకో చెంచా పెరుగు వెయ్యండి. పలాస పప్పులో సహజంగానే ఒక తియ్యదనం ఉంది, అది ఈ ముద్దకి క్రీమ్ చీజ్ కన్నా బాగా కుదురుతుందని నా నమ్మకం, ఇది ఊరిమీద మమకారంతో అంటున్న మాట కాదు.

హామ్ బదులు చికెన్. మన దగ్గర పంది మాంసం తిననివాళ్లే ఎక్కువ, పిలిచిన ఇళ్లల్లో ముస్లిం కుటుంబాలు కూడా ఉంటాయి, కాబట్టి అందరూ తినేదే మేలు. ఎముక లేనిది పావు కిలో ఉప్పు మిరియాలతో ఉడికించి, బాగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే జిగురుగా అయిపోతుంది. శనివారం పార్టీ అయినా కార్తీక మాసం అయినా చికెన్ తీసేసి 200 గ్రాముల పనీర్ తురిమి వేసుకోవచ్చు, కాకపోతే ఉప్పు కాస్త ఎక్కువ పడుతుంది.

ఎర్ర కాప్సికమ్‌ని బజ్జి పచ్చడికి వంకాయ కాల్చినట్టు స్టవ్ మీద నల్లగా కాల్చి, గిన్నెలో పెట్టి మూతపెడితే ఆవిరికి తొక్క ఊడి వచ్చేస్తుంది. దీన్ని కడగకూడదు, కడిగితే కాల్చిన రుచంతా పోతుంది, చేత్తో తుడిచేయండి చాలు. కీరా సన్నగా తరిగి ఉప్పు చల్లి పావుగంట ఉంచి గట్టిగా పిండి, ఆ పిండిన ముక్కల్లో వెనిగర్, చెంచా పంచదార కలిపి అరగంట ఊరనివ్వాలి. వాడే ముందు మళ్లీ పిండాలి. ఈ వంటకం చెడేది నీటితోనే, ముద్దలో తడి ఉంటే తెల్లారేసరికి బ్రెడ్డు నానిపోతుంది. ఆవకి సీసా కొనక్కర్లేదు. ఆవపిండి చల్లటి నీళ్లలో కలిపి పది నిమిషాలు వదిలేస్తే ఘాటు లేస్తుంది, వేడినీళ్లు పోస్తే మాత్రం ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. ఆవ పెట్టిన కూరలు వండేవాళ్లకి నేను చెప్పాలా! అర చెంచా చాలు.

అన్నీ కలిపి, గుడ్డు లేని మయోనైజ్ రెండు చెంచాలు వేసి, ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు పెట్టాలి. వేసీ వెయ్యగానే రుచి చూసి ఇంకా ఉప్పూ కారం పోసెయ్యకండి, చల్లబడ్డాక రుచులు కుదురుకుంటాయి. పచ్చిమిర్చి, కొత్తిమీర కూడా పడాలనే వాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. అవి పడితే బాగానే ఉంటుంది కానీ అది మన చట్నీ శాండ్‌విచ్ అవుతుంది, ఈ మెత్తటి తీపి పులుపు రుచి కనపడకుండా పోతుంది.

బ్రెడ్డు విషయానికి వస్తే అక్కడ మెదియానోచే అనే గుడ్డు వేసిన, కొంచెం తియ్యటి చిన్న బన్నులు వాడతారు, లేదా మామూలు తెల్ల శాండ్‌విచ్ బ్రెడ్డు. మన బేకరీలో టూటీ ఫ్రూటీ వెయ్యని చిన్న తీపి బన్నులు ముందు రోజు చెప్తే చేసి ఇస్తారు. బ్రెడ్డుతో చేస్తే రెండు ముక్కలకీ లోపలి వైపు పల్చగా వెన్న రాయండి, తడి పట్టకుండా అదే అడ్డుకుంటుంది. ముద్ద పూసి మూసేశాక, తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో గంట ఉంచండి. అంచులు అప్పుడు కొయ్యాలి, పూయక ముందు కాదు. చల్లబడిన శాండ్‌విచ్ కత్తికి అంటకుండా గీత గీసినట్టు తెగుతుంది, ప్రతి కోతకీ కత్తి తుడుచుకుంటే ఇంకా మంచిది. తీసిన అంచులు పారెయ్యకుండా ఎండబెట్టి పొడి చేస్తే కట్లెట్లకి పనికొస్తాయి.

మీ వ్యాసంలో అసలు లేనిదీ, నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టిందీ నిల్వ సంగతి. పచ్చి గుడ్డు మయోనైజ్ ఇంట్లోనే చేసుకోమని రాశారు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే చేసింది, కారణం సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా. పిల్లల పార్టీకి దాన్ని చెయ్యమని మనం చెప్పకూడదు. ఇలాంటి తిండి ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. మన వేసవిలో, మేడ మీద షామియానా వేసి చేసే పార్టీల్లో, ఆ గంట కేక్ కోసే లోపే అయిపోతుంది. అందుకే అన్నీ ఒకేసారి పేర్చకుండా కొంచెం కొంచెంగా తియ్యాలి, పళ్లెం కింద ఇంకో పళ్లెంలో ఐసు పెట్టాలి, మిగిలినవి రేపటికని దాచొద్దు.

ఇంకో సంగతి కూడా వెయ్యమని అడుగుతున్నాను. క్యూబాలో పిల్లల పుట్టినరోజుకి వచ్చినవాళ్లందరికీ చిన్న అట్టపెట్టె ఇస్తారు, కహీత అంటారు. అందులో కేక్ ముక్క, మయోనైజ్ కలిపిన చల్లటి మాకరోనీ సలాడ్, క్రోకెట్లు (నూనెలో వేయించిన చిన్న కట్లెట్ల లాంటివి), ఈ బొకదీతోస్. మనమూ అట్టపెట్టెలు ఇస్తున్నాం, కానీ కేక్ ముక్క తప్ప మిగతాదంతా ప్యాకెట్ చిప్సూ, ఏ నూనెలో వేయించారో తెలియని సమోసాలూ. డబ్బులు పెట్టలేక కాదు, ఇంట్లో చెయ్యగలిగింది ఏముందో తెలియక. పిల్లలు ముద్ద పూసే పని ఎంత ఇష్టంగా చేస్తారో చేయించి చూడండి. మాంసం తిననివాళ్ల పిల్లలకి గట్టి పెరుగు పూసి మీద స్ట్రాబెర్రీ జామ్ రాసి ఇవ్వొచ్చు. అది కూడా నా సొంత కల్పన కాదు. 1930ల్లో హవానాలో ఎలెనా రూస్ అనే అమ్మాయి ఎల్ కార్మెలో రెస్టారెంట్‌లో టర్కీ కోడి మాంసం, క్రీమ్ చీజ్, స్ట్రాబెర్రీ జామ్ పెట్టించుకుని తినేది, ఆ శాండ్‌విచ్‌కి ఇప్పటికీ ఆవిడ పేరే. టర్కీ మనం వదిలేస్తున్నాం, అంతే.

కాబట్టి ఎడిటర్ గారూ, దయచేసి ఆ వంటకం మళ్లీ వెయ్యండి, ఈసారి వేడి శాండ్‌విచ్ ఫొటో లేకుండా, గ్రాముల లెక్కతో, నిల్వ గంటలు పెద్ద అక్షరాల్లో. సామాను ఎక్కడ దొరుకుతుందో రాసేచోట మన జిల్లా పేరు రాయండి. వేసవి సెలవుల పార్టీలు మొదలయ్యే లోపు వస్తే మరీ మంచిది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
శ్రీకాకుళం