‘గింజలు పగలగొట్టే మనిషి’ అసలు తిన్నదేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఆదిమానవుల ఆహారంపై మీరు ప్రచురించిన వ్యాసం ఆసక్తికరంగా ఉంది గానీ, పరాంత్రోపస్ బోయిసేయి అనే అంతరించిన ఆదిమానవ జాతిని అందులో ఇంకా ‘గింజలు పగలగొట్టే మనిషి’గానే పరిచయం చేశారు. 1959లో టాంజానియాలోని ఓల్డువాయి లోయలో మేరీ లీకీకి దొరికిన పుర్రెకు వెడల్పాటి దవడపళ్లు, వాటిపై మందమైన పింగాణీ (ఎనామిల్) పొర ఉండటంతో ఆ ముద్దుపేరు స్థిరపడింది. చూసినవారెవరికైనా అలాగే అనిపిస్తుంది మరి.

అయితే 2008లో పీటర్ ఉంగర్ బృందం ఆ జాతి పళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు, గట్టి గింజలు కొరికితే పడవలసిన గుంటలు లేవు, సన్నని గీతలే కనిపించాయి. 2011లో థూర్ సెర్లింగ్ బృందం పంటి పింగాణీలోని కార్బన్ ఐసోటోపులను (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులను) కొలిచి, ఆహారంలో దాదాపు 77 శాతం సీ4 వర్గపు (కిరణజన్య సంయోగక్రియను ఒక ప్రత్యేక పద్ధతిలో జరుపుకునే) మొక్కల నుంచి, అంటే ఉష్ణమండలపు గడ్డి, తుంగ వంటి వాటి నుంచి వచ్చిందని తేల్చింది. మన జొన్న, చెరకు కూడా ఈ వర్గానివే. ఐసోటోపులు మొక్క వర్గాన్ని పట్టిస్తాయే తప్ప, తిన్నది ఆకో, దుంపో చెప్పలేవు. కాబట్టి వ్యాసంలోని గింజల బొమ్మ స్థానంలో మరో ఊహాచిత్రం వేయకుండా, ఈ రెండు పరిశోధనల వివరాన్ని సవరణగా ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు