తెగిన పెదవి

అమ్మలూ,

మీ అన్నయ్య మొన్న ఆదివారం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళాడు. బొమ్మలు చూసీ చూసీ కాళ్ళు పీకాయి. ఇక పోదాం అనుకుంటుంటే ఒక మట్టి కూజా ఆపేసింది. కూజా అంటే నీళ్ళ కూజా కాదు, అచ్చం మనిషి తలకాయ. నిండైన బుగ్గలు, గట్టిగా మూసిన పెదవులు, చూపు సూటిగా నా మీదే. మా ఆఫీసులో పాత మేనేజరు గుర్తొచ్చాడంటే నమ్ము!

పెరూ ఉత్తర తీరంలో మోచే అనే జనం చేసినవట ఇవి. తర్వాత అక్కడ రాజ్యమేలిన ఇంకా జాతి వాళ్ళ కంటే కొన్ని వందల ఏళ్ళ ముందటి వాళ్ళు. వాళ్ళకి కుమ్మరి సారె తెలీదు. రెండు ముక్కల అచ్చులో తడి మట్టి అదిమి, ముక్కలు అతికి, అతుకు కనపడకుండా నున్నగా రుద్దేవారు. తల పైనుంచి రెండు గొట్టాలు వంపు తిరిగి ఒకే మూతిగా కలుస్తాయి. దాన్ని గుర్రపు రికాబుతో, అంటే గుర్రమెక్కడానికి కాలు పెట్టే కొక్కెంతో పోలుస్తారు. అప్పుడు అక్కడ గుర్రాలే లేవు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి రాత్రి చాలాసేపు వాటి గురించే చదివాను. పెరూ రాజధాని లిమాలో లార్కో మ్యూజియంలో ఇలాంటి ముఖాలు అల్మారాల నిండా ఉన్నాయట. క్రిస్టఫర్ డోనన్ అనే పురావస్తు శాస్త్రవేత్త వాటిని పోల్చి చూస్తూ, పై పెదవి మీద చిన్న మచ్చ ఉన్న ఒకే మనిషిని నలభైకి పైగా కూజాల మీద గుర్తుపట్టాడు. పేరు తెలీదు, వాళ్ళకి రాత లేదు కదా. అందుకని 'తెగిన పెదవి' అని పిలిచాడు. పదేళ్ళ పిల్లాడిగా ఉన్నాడు, ముప్పై దాటిన మగాడిగానూ ఉన్నాడు. బుగ్గలు మారాయి, తలపాగాలు మారాయి. మచ్చ మాత్రం అక్కడే. తడి మట్టి మీద వేలితో ఒక్కసారి రుద్దితే పోయేది.

నీ గడ్డం మీది మచ్చ సంగతి నీకు తెలుసు. స్కూటర్ ముందు నిలబెట్టుకుని సడన్ బ్రేకు వేసింది నేనే. మూడు కుట్లు పడ్డాయి. మీ అమ్మ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పెళ్ళి ఆల్బంలో ఆ మచ్చ ఒక్క ఫోటోలోనూ లేదు. ఫోటోగ్రాఫరు తనంతట తనే తీసేశాడో, నువ్వే చెప్పావో నేనడగను. వాడి దగ్గర ఒరిజినల్ ఫైళ్ళు ఉండే ఉంటాయి. తలంబ్రాలప్పుడు తలెత్తి నవ్వావే, ఆ ఫోటో ఒక్కటి ఏమీ చెయ్యకుండా పంపమను. ఇక్కడే ప్రింటు తీయించుకుంటాను.

అల్లుడు గారిని అడిగానని చెప్పు.

నాన్న