పుండుపై కిరాణా తేనె వద్దు
మందులకు లొంగని బ్యాక్టీరియాను తేనె అరికడుతుందన్న వార్తలు చదివి, మధుమేహుల కాలి పుండ్లకు కిరాణా కొట్టు తేనె పూయడం మా వీధిలోనే రెండు ఇళ్లలో చూశాను. తేనెలోని ఆమ్లగుణం, తక్కువ తేమ, ఎంజైము వల్ల పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, న్యూజిలాండ్ మనూకా తేనెలోనైతే మిథైల్‌గ్లయాక్సాల్ అనే రసాయనం, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాను సైతం ప్రయోగశాలలో అణచివేసిన మాట నిజమే. అయితే గాయాల చికిత్సకు వాడేది గామా కిరణాలతో సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన తేనె. కొట్టు తేనెను బాగా వేడిచేసి ఉంటే ఆ ఎంజైము నశిస్తుంది, ఇక చక్కెర పాకం కలిపిన సరుకు సంగతి చెప్పనక్కర్లేదు. సీసాలపై ‘గాయాలకు వాడరాదు’ అన్న హెచ్చరికను తప్పనిసరి చేయాలి. గిరిజన సహకార సంస్థ మన్యంలో సేకరించే తేనెను వైద్య కళాశాలల్లో పరీక్షింపజేసి, పనికొస్తుందని తేలితే శుద్ధి చేయించి ప్రభుత్వాసుపత్రులకు అందించాలి.