ఎవరూ తీయని ఫొటోలకు కాస్త చోటివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం సంచికలోని యాత్రల పేజీని నేను ఏళ్లుగా వదలకుండా చదువుతున్నాను. పాఠకులు పంపే ఫొటోలనైతే వ్యాసాలకంటే ముందే చూస్తాను. ఆ ఇష్టం వల్లనే ఈ ఫిర్యాదు రాస్తున్నాను. ఈఫిల్ టవర్ కొనను రెండు వేళ్లతో పట్టుకున్నట్లు, పీసా గోపురం పడిపోకుండా అరచేతులతో ఆపుతున్నట్లు తీయించుకున్న ఫొటోలు మీ పేజీలో ఎన్నిసార్లు అచ్చయ్యాయో లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. మనుషులు మారుతున్నారు తప్ప, వాళ్లు నిలబడే చోటు గాని, కెమెరా కోణం గాని మారడం లేదు.

ఒకే ఫొటో అందరికీ కావాలనుకుంటే ఏమవుతుందో జపాన్‌లోని ఫుజికవాగుచికో పట్టణం చూసింది. అక్కడ ఒక దుకాణం కప్పు మీద ఫుజి పర్వతం కూర్చున్నట్లు కనిపించే దృశ్యం కోసం జనం రోడ్డుకు అడ్డం పడడం, చెత్త పారేయడం ఎక్కువై, 2024 మే నెలలో అధికారులు 20 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తున నల్లటి తెర కట్టించవలసి వచ్చింది. కొద్దిరోజులకే ఆ తెరకు కన్నాలు పడ్డాయి. ఫోన్ కెమెరా పట్టేంత కన్నాలు!

పేరున్న కట్టడాల మీద నాకేమీ కోపం లేదు. వాటికి మన ఫొటో అవసరం లేదని మాత్రమే నా వాదన. అవసరమున్నవి వేరే ఉన్నాయి. దక్షిణ లండన్‌లోని పెకమ్ ప్రాంతంలో నడుస్తూ ఒక పాత నివాస సముదాయం చుట్టూ ఉన్న ఇనుప కంచె దగ్గర ఆగిపోయాను. అది కంచెగా పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడుల్లో గాయపడినవారిని మోయడానికి చేయించిన స్ట్రెచర్లు అవి. విషవాయువు ప్రయోగిస్తే కడిగి శుభ్రం చేయడం తేలికగా ఉండాలని గుడ్డకు బదులు ఇనుప గొట్టాలతో, తీగ వలతో తయారుచేశారు. యుద్ధ సమయంలో లోహం కోసం ఊళ్లోని కటకటాలను పీకించినందువల్ల, యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఈ స్ట్రెచర్లనే పక్కకు తిప్పి వాటి స్థానంలో బిగించారు. దగ్గరగా చూస్తే గొట్టం రెండు చివర్లకు దగ్గరలో చిన్న వంపు కనిపిస్తుంది. నేల మీద దించినప్పుడు గాయపడిన మనిషి ఒళ్లు మట్టికి తగలకుండా అవే కాళ్లలా ఆనేవి. నేను చూస్తుండగానే ఒకాయన సైకిల్‌ను ఆ వంపు దగ్గరే ఆనించి, గొలుసు వేసి తాళం పెట్టుకుని వెళ్లిపోయాడు. తుప్పు పట్టిందని కొన్నిచోట్ల వీటిని తీసేశారు కూడా. తీసేసిన చోట ఇక ఫొటోయే దిక్కు.

ఇలా ఎవరూ పట్టించుకోని వస్తువులను తీయడం ఫొటోగ్రఫీలో కొత్తదేమీ కాదు. పారిస్‌లో యూజీన్ ఆట్జే 1890ల చివరి నుంచి 1927లో చనిపోయేదాకా బరువైన కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ పాత వీధులు, అంగళ్ల కిటికీలు, మెట్ల కటకటాలు, తలుపులకు బిగించిన తట్టుడు కడియాలు తీస్తూ తిరిగాడు. తన ఫొటోలను కళాఖండాలని చెప్పుకోలేదు, దస్తావేజులన్నాడు. గ్రంథాలయాలకు, మ్యూజియాలకు, చిత్రకారులకు అమ్ముకున్నాడు. ఆయన పోయాక బెరెనీస్ ఆబట్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ పట్టుబట్టి ఆ సేకరణను కాపాడింది. 1968లో దాన్ని న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం కొనుక్కుంది.

అయితే చిన్న వస్తువును దగ్గరగా తీసినంత మాత్రాన పని పూర్తికాదు. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ 1990లలో మొదలుపెట్టిన, ఇళ్ల ముందు కాలిబాటల్లో పొదిగే జ్ఞాపక రాళ్లు ఇప్పుడు యూరప్ అంతటా కలిపి లక్షకు పైగా ఉన్నాయి. 10 సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలక మీద ‘ఇక్కడ నివసించారు’ అనే మాటతో మొదలై, నాజీల చేతిలో బలైన మనిషి పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి తరలించారు, ఏమయ్యారు అన్న వివరాలు చెక్కి ఉంటాయి. వంగితే గాని చదవలేము. బెర్లిన్‌లో నేను మొదట పలకను మాత్రమే తీసుకుని వచ్చేశాను, ఇంటికొచ్చి చూస్తే అది ఏ గోడకైనా అతికించిన బిళ్లలా ఉంది. ‘ఇక్కడ’ అన్న మాటకు అర్థం పక్కనున్న గుమ్మంలో ఉంది, ఆ గుమ్మం నా ఫొటోలో లేదు. అప్పటినుంచి దగ్గరగా ఒకటి తీస్తే, నాలుగడుగులు వెనక్కి వేసి చుట్టుపక్కలు కనిపించేలా మరొకటి తీస్తున్నాను.

ఇంకొక మాట చెప్పక తప్పదు. వింత దృశ్యమంటే పరాయి దేశంలోని పేదవాడి ముఖమనుకునేవాళ్లు ఉన్నారు, అటువంటి ఫొటోలు మీ పేజీలోనూ ఒకటి రెండు వచ్చాయి. నిద్రపోతున్న మనిషిని అడగకుండా తీయడం పరిశీలన కాదు, దొంగతనమని నా అభిప్రాయం. చూడని వస్తువులు లోకంలో కావలసినన్ని ఉన్నాయి: కొత్త కొలమానం జనానికి అలవాటు కావాలని 18వ శతాబ్దం చివర పారిస్‌లోని వోజిరార్ వీధి గోడకు అమర్చిన పాలరాతి మీటరు ఉంది, కోటను, పూలను ముద్రించిన జపాన్ మ్యాన్‌హోల్ మూతలు ఉన్నాయి.

కాబట్టి మీ పేజీలో ఒక మూల, తపాలా బిళ్ల సైజులో కాకుండా కాస్త పెద్దగా, ఇటువంటి ఫొటోలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. పంపేవారిని ఊరు, వీధి, తేదీ, ఆ వస్తువు అసలు దేనికి వాడేవారన్న సంగతి తప్పనిసరిగా రాయమనండి. ఫోన్ తనంతట తాను నమోదు చేసుకునే వివరాలు మెసేజింగ్ యాప్‌ల ద్వారా పంపినప్పుడు చాలాసార్లు చెరిగిపోతాయి, అందుచేత చేత్తో రాయడమే మేలు.

ఈ నియమం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఈ ఉత్తరంతో జతపరిచిన ఫొటోలో ఒక చెక్క తలుపు మీద చిన్న బంతిని పట్టుకున్న ఇత్తడి చేయి ఉంది. వచ్చినవాళ్లు దానితోనే తలుపు తట్టాలి. చూపుడువేలికి ఉంగరం, మణికట్టు దగ్గర కుచ్చుల అంచు, వేళ్ల సందుల్లో పాత ఆకుపచ్చ రంగు కనిపిస్తున్నాయి. పోర్చుగల్‌లో తీశానని తెలుసు, ఏ ఊళ్లోనో మాత్రం రాసుకోలేదు. మీ పాఠకుల్లో ఎవరైనా ఆ తలుపును గుర్తుపడితే తెలియజేయగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు