గిరిగిరి అప్పు లెక్క విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడ మిల్లుల హమాలీలు, పాలమూరు అడ్డా కూలీలు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ముందు రోజువారీ కిస్తీల మీద అప్పిచ్చే గిరిగిరి ఫైనాన్స్ వైపే చూస్తున్నారు. 10,000 రాసుకుని చేతికిచ్చేది 8,500. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ 1,500 మాత్రమే అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది గనుక, లెక్కగడితే నెలకు నూటికి దాదాపు 10 రూపాయలు! వానలకు నాలుగు రోజులు పని లేక కిస్తీ తప్పితే కొత్త నోటు రాయించుకుని, పాత బాకీ అందులోనే పట్టుకుంటారు. ముందు కోత మాత్రం మళ్లీ మొత్తం మీద పడుతుంది. కూలీ మునిగేది ఇక్కడే.

ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకండి. కట్టిన ప్రతి కిస్తీ కార్డు మీద రాయించుకోండి. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి, అది ఉందో లేదో అడగండి.

జన్‌ధన్ ఖాతా ఆరు నెలలు సక్రమంగా నడిపినవారు 10,000 వరకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు లేకున్నా బ్యాంకు ఇచ్చే అప్పు) అడగవచ్చు. 2,000 దాకా షరతుల్లేవు. ఇంటి ఆడవాళ్లు మహిళా సంఘంలో ఉంటే, సంఘాల సభ్యులకు అప్పులిచ్చే స్త్రీనిధి ఉంది. ఈ సంగతి ప్రతి బ్యాంకు గోడ మీద తెలుగులో రాయించాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం.

– పాఠకులు, మిర్యాలగూడ